కొత్తగా చేరినవారు, సెలవు తీసుకుంటున్నవారు

శ్రోతలందరికీ నమస్కారం.

ఏ విశ్వవిద్యాలయ గ్రంథాలయంలోనైనా తలుపు దాటగానే ఒక నోటీసు బోర్డు కనిపిస్తుంది. పరీక్షల రోజుల్లో ఎన్ని గంటల దాకా తెరిచి ఉంచుతారు, తీసుకెళ్లిన పుస్తకాలు ఎప్పటిలోగా తిరిగివ్వాలి, ఆలస్యమైతే జరిమానా ఎంత? విద్యార్థుల చూపు వీటి దగ్గరే ఆగిపోతుంది. ఆ పక్కన ఇంకో కాగితం అంటించి ఉంటుంది. ఫలానా అసిస్టెంట్ లైబ్రేరియన్ ఈ నెలాఖరుకు పదవీ విరమణ చేస్తున్నారు, ఫలానావారు పత్రికల విభాగానికి మారారు, కేటలాగు విభాగంలో కొత్తవారు చేరారు అని. అది ఉద్యోగుల సొంత సంగతి, మనకెందుకులే అనుకుని దాటిపోతాం. నన్నడిగితే, మిగతా నోటీసులకన్నా శ్రద్ధగా చదవాల్సింది దాన్నే. ఎందుకో చెబుతాను.

ఒక కొత్త పుస్తకం గ్రంథాలయానికి వచ్చిందనుకోండి. కేటలాగు విభాగంలో ఒకరు దాన్ని చేతిలోకి తీసుకుంటారు. అట్ట మీది మాటను నమ్మరు. లోపలి శీర్షిక పేజీ చూస్తారు, దాన్ని తిప్పి వెనకవైపు చూస్తారు, విషయసూచిక చదువుతారు, ముందుమాటను ఒకసారి తిరగేస్తారు. ఈ పుస్తకం అసలు దేని గురించి? ఒక నది పేరు పెట్టుకున్న పుస్తకంలో కవితలు ఉండవచ్చు, ఆనకట్టల నిర్మాణం ఉండవచ్చు, ఆ నీళ్ల కోసం నడిచిన న్యాయ వివాదం ఉండవచ్చు. విషయాన్ని బట్టి పుస్తకాలకు అంకెలిచ్చే డ్యూయీ దశాంశ పద్ధతిలో కవితలైతే 800ల్లోకి పోతాయి, ఆనకట్టలైతే 627 దగ్గరికి, చట్టమైతే 340ల్లోకి. అక్కడ ఒక్క అంకె తప్పిందంటే ఆ పుస్తకం కావలసినవాళ్లు దాని ఎదుటికే రారు.

తర్వాత రచయిత పేరు. ఒకే మనిషి ఒక పుస్తకం మీద పూర్తి ఇంటిపేరుతో, ఇంకోదాని మీద పొడి అక్షరాలతో, వేరొకదాని మీద కలంపేరుతో కనిపిస్తారు. అందరూ ఒకరేనని నిర్ధారించుకుని ఒకే పేరు కిందికి చేర్చాలి. పేరు ఒకటే అయి మనుషులు వేరైతే, పుట్టిన సంవత్సరం జోడించి విడదీయాలి. మనం కంప్యూటర్లో పేరు కొట్టగానే ఆ రచయిత పుస్తకాలన్నీ వరసగా వచ్చాయంటే, అంతకుముందు ఎవరో ఓపిగ్గా కూర్చుని ఈ పని చేసిపెట్టారన్నమాట. వారి పేరు మనకు ఎక్కడా కనిపించదు. చాలాసార్లు మొదటిసారి కనిపించేది ఆ పదవీ విరమణ నోటీసులోనే.

పత్రికల విభాగానిది మరో కథ. పరిశోధన పత్రికలకు పేర్లు మారుతుంటాయి. ఒకటి రెండుగా చీలుతుంది, రెండు కలిసిపోతాయి. పేరు గణనీయంగా మారితే ఐఎస్ఎస్ఎన్ అనే ఎనిమిది స్థానాల గుర్తింపు సంఖ్య కూడా మారుతుంది. అందుకే ఒకే పత్రిక పాత సంపుటాలు ఒక అరలో, కొత్తవి ఇంకో అరలో, ఒక్కోసారి వేరే అంతస్తులో ఉంటాయి. ఒక విద్యార్థి వచ్చి, ఫలానా సంవత్సరం తర్వాత ఈ పత్రిక లేదు, తెప్పించడం మానేశారా అని అడుగుతారు. ఏళ్ల తరబడి అక్కడ పనిచేసినవారైతే తలెత్తి, "ఉంది, పేరు మారింది, అటు పక్క చూడండి" అంటారు. రికార్డులో ఆ మార్పు రాసి ఉంటే కొత్తవారైనా చెప్పగలరు. రాసి లేకపోతే, ఆ మనిషి వెళ్లిన మర్నాటి నుంచి ఆ సంపుటాలు ఉండీ లేనట్టే.

సెలవు తీసుకునేవారి గురించి ఇంత చెప్పాను కాబట్టి, కొత్తగా చేరేవారి గురించీ చెప్పాలి. 1924లో మద్రాసు విశ్వవిద్యాలయం తన గ్రంథాలయానికి ఒక లైబ్రేరియన్‌ను నియమించింది. ఆయన గణితం బోధించే అధ్యాపకుడు, పేరు ఎస్.ఆర్. రంగనాథన్. చేరిన కొత్తలో ఆ ఉద్యోగం ఆయనకు రుచించలేదు, తిరిగి పాఠాలు చెప్పుకోవడానికి వెళ్లిపోదామనుకున్నారు. శిక్షణ కోసం లండన్ వెళ్లి, అక్కడి గ్రంథాలయాలు తిరిగి చూశాక మనసు మారింది. 1931లో గ్రంథాలయ శాస్త్రానికి ఐదు సూత్రాలు ప్రకటించారు, 1933లో పుస్తకాలను విషయాలవారీగా విడదీసే కోలన్ వర్గీకరణ తెచ్చారు. పాఠకుడి సమయం ఆదా చేయాలి అన్నది ఆ ఐదింటిలో నాలుగోది. ఆయన నియామకం గురించి ఆ రోజు చదివినవారికి అది మామూలు ఉద్యోగ వార్తే అయి ఉంటుంది.

1960లలో అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో చేరిన హెన్రియెట్ అవ్రామ్ కూడా గ్రంథాలయ శాస్త్రం చదివినవారు కారు, కంప్యూటర్ ప్రోగ్రామర్. కేటలాగు కార్డు మీది సమాచారాన్ని యంత్రం చదవగలిగేలా మార్చే మార్క్ పద్ధతిని రూపొందించడంలో ఆమెదే ప్రధాన పాత్ర. ఒక గ్రంథాలయం తయారుచేసిన రికార్డును మరో గ్రంథాలయం నేరుగా వాడుకునే వీలు దానివల్లే కలిగింది. ఇంతకుముందు చెప్పిన దశాంశ పద్ధతిని 1876లో ప్రచురించిన మెల్విల్ డ్యూయీ, కాలేజీలో చదువుకుంటూనే అక్కడి గ్రంథాలయంలో సహాయకుడిగా పనిచేసినవాడు. కాబట్టి పార్ట్‌టైమ్ విద్యార్థి సహాయకులను తీసుకున్నామన్న చిన్న ప్రకటనను కూడా నేను ఆశగానే చూస్తాను.

నాకు బాధ కలిగించేది ఒకటుంది. పదవీ విరమణ కాగితం బోర్డు మీదికి వస్తుంది, దాని వెనకే రావాల్సిన నియామకం కాగితం మాత్రం రాదు. కొన్నాళ్లు వేరే విభాగంవారికి ఇన్‌చార్జ్ బాధ్యత అంటారు. ఇద్దరి పని ఒకరి మీద పడితే ముందు ఆగిపోయేది బయటికి కనిపించని పనే. పుస్తకాలిచ్చే కౌంటర్ నడుస్తూనే ఉంటుంది. కేటలాగు కావలసిన పుస్తకాలు మాత్రం లోపలి గదిలో పేరుకుపోతాయి. షెల్ఫులు సరిచూసే పని వెనకబడుతుంది. తప్పు అరలో పెట్టిన పుస్తకం కేటలాగులో ఉన్నట్టే చూపిస్తుంది, వెతికితే దొరకదు. అలాంటివాటికోసం ఒక్కో అరనూ వేలితో తడుముతూ సంఖ్యలు చదివే మనిషి ఉండాలి. ఆ ఖాళీని సిబ్బంది లోపల అడుగుతూనే ఉంటారు. విద్యార్థులు, అధ్యాపకులు కూడా అడిగితే ఆ మాటకు బలం వస్తుంది.

నోటీసు రాసేవారికి ఒక విన్నపం. పేరు, హోదా రాసి ఊరుకోకండి. కొత్తవారు ఏ విషయాలు చూస్తారు, ఎక్కడ కూర్చుంటారు, ఏ వేళల్లో కలవవచ్చు అన్నవి ఒక్క వాక్యంలో చేర్చండి. వెళ్లేవారి పనులు ఇకపై ఎవరు చూస్తారో కూడా అక్కడే చెప్పండి. వీలైతే వెళ్లేవారూ వచ్చేవారూ కొన్ని వారాలు కలిసి పనిచేసేలా ఏర్పాటు ఉండాలి. ఇంకా నమోదుకాని విరాళ పుస్తకాల పెట్టెలు ఎక్కడున్నాయి, వేరే గ్రంథాలయాల నుంచి పుస్తకాలు తెప్పించాలంటే ఎవరికి రాయాలి లాంటివన్నీ పక్కన నిలబడి చూస్తేనే వంటబడతాయి.

థీసిస్ రాస్తున్నవారికి ఒక మాట. ఇన్నాళ్లూ మీకు పుస్తకాలు వెతికిపెట్టినవారి పేరు ఆ కాగితంలో కనబడితే వీడ్కోలు సభదాకా ఆగకండి. ఆ రోజు దండలకూ ఫొటోలకే సమయం సరిపోతుంది. ముందే ఒక పూట వెళ్లి, మీకు ఇంకా దొరకని పుస్తకాలు, సంపుటాల జాబితా వారి ముందు పెట్టండి. కొత్తగా చేరినవారు అప్పటికే వచ్చి ఉంటే, వారినీ పక్కన కూర్చోమనండి.