పాలపిట్ట, రాబందు

శ్రోతలకు నమస్కారం.

దసరా నాడు జమ్మికి మొక్కి, పాలపిట్టను చూసి ఇంటికి రావడం మన ఓరుగల్లు పల్లెల ఆనవాయితీ. రాబందు పేరెత్తితే మాత్రం మొహం చిట్లిస్తాం. వీటి చుట్టరికం చాలా దూరం. పాలపిట్ట లకుముకికి దగ్గరి బంధువు, రాబందు గద్దకు. ఒకటి పురుగులు తింటుంది, ఇంకొకటి కళేబరాలు.

పొడుగుముక్కు రాబందు నేడు అంతరించిపోయే అంచున ఉంది. 1992, 2007 మధ్య మన దేశంలో నూటికి దాదాపు 97 పోయాయి. కారణం పశువుల నొప్పుల మందు డైక్లోఫెనాక్. ఆ సూది వేసిన బర్రె రెండు మూడు రోజుల్లో చస్తే మందు మాంసంలోనే ఉంటుంది. తిన్న రాబందు మూత్రపిండాలు చెడి, లోపలి అవయవాల మీద సుద్దలాంటి తెల్లటి పొర పేరుకుంటుంది. మెడ వేలాడేసుకుని కూర్చుని, కొద్ది రోజుల్లో రాలిపోతుంది. ఒక్క కళేబరం మీద పదుల కొద్దీ వాలతాయి కాబట్టి, నూరింటిలో ఒక్కటి విషమైనా గుంపులకు గుంపులే పోతాయి. పైగా ఏడాదికి పెట్టేది ఒకే గుడ్డు.

పశువులకు ఈ మందును 2006లో నిషేధించారు. మనుషుల కోసం వచ్చే పెద్ద సీసాలను పశువులకు వాడుతుంటే, 2015లో సీసాను 3 మిల్లీలీటర్లకు కుదించారు. 2023లో రాబందులకు ఇలాగే హాని చేసే కీటోప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్ మందులను కూడా పశువులకు నిషేధించారు. ఆసిఫాబాద్ జిల్లా బెజ్జూరు అడవిలో, పెద్దవాగు పక్కన పాలరాపు గుట్ట మీద 2013లో రాబందుల గూళ్లు కనిపించాయి. ఆ చుట్టుపక్కల రైతులు పశువైద్యుణ్ణి మెలాక్సికామ్ అనే నొప్పుల మందు అడగండి, అది రాబందులకు హాని చేయదు. డైక్లోఫెనాక్ పడిన పశువు చస్తే ఊరి బయట పడేయకుండా లోతుగా పూడ్చండి.

పాలపిట్టకు అంతర్జాతీయ జాబితాలో ముప్పు లేదనే రాసి ఉంది. కానీ 2023 నాటి భారత పక్షుల స్థితి నివేదిక లెక్కన పన్నెండేళ్లలో ఇవి దాదాపు 30 శాతం తగ్గాయి, హోదాను మళ్లీ పరిశీలించమని అందులోనే కోరారు. రాబందులు కూడా ఒకప్పుడు ఊరూరా ఉండేవి, అందుకే ఎవరూ లెక్కపెట్టలేదు.

దసరాకు పంజరంలో తెచ్చి చూపించే పాలపిట్టకు రెక్కలు కత్తిరించి ఉంటాయి, కాళ్లు కట్టి ఉంటాయి. వదిలినా ఎగరలేదు, వేటాడలేదు, ఆకలితో చస్తుంది. పట్టడం 1972 వన్యప్రాణి చట్టం కింద నేరం. డబ్బులిచ్చి చూడకండి, చెల్కల దగ్గర కరెంటు తీగ మీద వెతకండి.

మరొకటి, చచ్చిన తాటి మోడును పొయ్యిలోకి కొట్టకండి. ఎండాకాలంలో ఆ మోడు తొర్రలోనే పాలపిట్ట మూడు నుంచి ఐదు గుడ్లు పెడుతుంది.