అడగనివ్వండి, ఆ ఒక్క మాట

(శ్రీకాకుళంలో చేతుల పరిశుభ్రత దినం నాడు డయాలసిస్ సిబ్బంది సమావేశంలో ఒక రిటైర్డ్ హెడ్ నర్సు ప్రసంగం)

వేదిక మీది పెద్దలకు, సిస్టర్లకు, టెక్నీషియన్లకు, వెనక వరసల్లో కూర్చున్న పేషెంట్ల ఇంటివాళ్లకు నమస్కారం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో మొదలుపెట్టిన ఈ కార్యక్రమం ఏటా మే 5న చేస్తున్నాం. చేతులు ఎప్పుడెప్పుడు శుభ్రం చేసుకోవాలో చెప్పే పోస్టర్లోని ఐదు సందర్భాలూ మీకు కంఠతా వచ్చు, అవి మళ్లీ చదవను. కిడ్నీ జబ్బులతో నలిగిపోతున్న ఉద్దానం ఉన్న జిల్లాలో నిలబడి డయాలసిస్ సంగతి వదిలి ఇంకోటి మాట్లాడడానికి నాకు మనసొప్పదు.

కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు నుంచి వచ్చే ఈ మనుషులు వారానికి రెండు మూడుసార్లు, వచ్చినప్పుడల్లా దాదాపు నాలుగు గంటలు మన చేతుల్లో ఉంటారు. మెడ దగ్గర కాథెటర్, అంటే రక్తనాళంలోకి వేసిన గొట్టం, ఉన్నవాళ్లకైతే మన చేతి మీద ఉన్నది నేరుగా రక్తంలోకే పోతుంది.

షిఫ్టు మారే వేళ ఎలా ఉంటుందో మీకు తెలుసు. ఒకరికి సూదులు తీస్తుంటాం, పక్క మంచం దగ్గర అలారం మోగుతుంది. అవే గ్లౌజులతో వెళ్లి బటన్ నొక్కేస్తాం. ముందే చింపి మిషన్ అంచుకి అంటించి పెట్టుకున్న ప్లాస్టర్ ముక్కల్లో ఒకటి అదే చేత్తో పీకుతాం. హెపటైటిస్ బి వైరస్ బయట ఆరిపోయిన చోట కూడా ఏడు రోజులు బతికి ఉండగలదు. గ్లౌజు మనల్ని కాపాడుతుంది, రెండో పేషెంటుని కాపాడదు. అది తీసెయ్యాలి, హ్యాండ్ రబ్‌తో, అంటే చేతులకి రాసుకునే ఆల్కహాల్ ద్రవంతో, చేతులు రుద్దుకోవాలి, కొత్తది వేసుకోవాలి.

నన్ను ఇక్కడికి రప్పించింది మాత్రం వేరే విషయం. ఒక ప్రైవేటు ఆసుపత్రిలో మా బంధువుని చూడబోయాను. పక్క మంచం మీద జీడితోటల్లో పనిచేసే మనిషి. కాథెటర్ మూత విప్పబోతున్న సిస్టర్‌ని ఆయన భార్య మెల్లగా అడిగింది: "సేతులు కడుక్కున్నారేటమ్మా?" ఆ అమ్మాయి మొహం ఎర్రబడింది. "నాకు నేర్పుతున్నావా? ఇష్టం లేకపోతే వేరే ఆసుపత్రికి పోండి" అంది. ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని బయటికి వెళ్లిపోయింది. కొన్నాళ్లకి ఆయనకి మిషన్ పెట్టగానే చలి, వణుకు. కాథెటర్ తీసెయ్యాల్సి వచ్చింది. అది ఆ చేతి వల్లే అని నేను చెప్పలేను. కానీ ఆవిడ మళ్లీ ఎప్పుడూ ఎవర్నీ అడగలేదు. నాకు కోపం అందుకే. మొగుడి ప్రాణం గురించి అడిగిన మాట తిట్టుగా ఎలా వినిపించిందమ్మా మనకి?

చదువుకున్నవాళ్లకీ అలాగే వినిపించింది. 1847లో వియన్నాలో సెమ్మెల్‌వైస్ అనే డాక్టర్, శవపరీక్ష చేసొచ్చిన చేతులతో పురుళ్లు పొయ్యొద్దు, క్లోరిన్ నీళ్లతో కడుక్కోండి అన్నాడు. బాలింతల చావులు కళ్లముందే తగ్గాయి. అయినా తోటి డాక్టర్లు చాలామంది ఒప్పుకోలేదు, తమని తప్పుపట్టాడని మండిపడ్డారు.

అమ్మా, వెనక కూర్చున్న మీరు, అడగండి. భయపడకండి. సిస్టర్లూ, అడిగితే వాళ్ల ఎదురుగానే ఇంకోసారి రుద్దుకోండి. ఇరవై ముప్పై సెకన్ల పని. రక్తం, మురికి కంటికి కనబడితే మాత్రం సబ్బు, నీళ్లే.

యాజమాన్యాలకి కూడా ఒక మాట. సింకు వార్డు చివర పెట్టి, అందులో నీళ్లు రాకుండా, రిజిస్టర్లో మాత్రం సంతకాలు అడగకండి. షిఫ్టు టెన్షన్‌లో ఏ నర్సూ అంత దూరం పదేపదే నడవదు. ప్రతి మంచం దగ్గరా చెయ్యి చాస్తే అందేలా హ్యాండ్ రబ్ సీసా పెట్టండి. అయిపోయిన రోజే కొత్తది రావాలి. పెద్ద డాక్టరు రౌండ్స్‌లో చేతులు రుద్దుకోకపోతే వెనకున్న చిన్నవాళ్లెవరూ రుద్దుకోరు, ఇది నేను కళ్లారా చూసిందే.

సీసా ఒకటి తెచ్చాను. ఎలా రుద్దాలో ఇప్పుడు ఇక్కడే చేసి చూద్దాం. డాక్టరు గారూ, ముందు మీరు రండి. ఉంగరం, వాచీ తీసేసి రండి.