పరాయి వంటింట్లో మన కళ్లు

శ్రోతలకు నమస్కారం.

ఎవరైనా భోంచేస్తుంటే వాళ్ల కంచంలోకి చూడకూడదని మన ఇళ్లలో పిల్లలకు చిన్నప్పుడే చెప్తారు. చూస్తే దిష్టి తగులుతుందంటారు, తిన్నవాళ్లకు కడుపునొప్పి వస్తుందంటారు. పక్కింటికి వెళ్లినప్పుడు వాళ్లు అన్నాల దగ్గర ఉంటే, గుమ్మంలోంచే "మళ్లీ వస్తాలెండి" అని వెనక్కి తిరిగేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. అలాంటి మనం రాత్రిపూట టీవీ ముందు కూర్చుని, వియత్నాంలోనో మెక్సికోలోనో ముక్కూ మొహం తెలియనివాడు గిన్నె ఎత్తి పులుసు జుర్రుతుంటే రెప్ప వేయకుండా చూస్తాం. వాడికి దిష్టి తగలదు, మనకు మొహమాటం ఉండదు. ఆ పులుసు రుచి మనకు తెలియదు, వాసన రాదు. అయినా రిమోట్ ఇంకొకరికి ఇవ్వం. ఈ ఊళ్లు తిరిగి తినే కార్యక్రమాల్లో అంత ఆకర్షణ ఏముందో కాసేపు మాట్లాడుకుందాం.

తిండి కంటపడితే నోరూరుతుంది, అది మామూలే. రష్యా శాస్త్రవేత్త ఇవాన్ పావ్లోవ్ కుక్కల మీద ఏళ్ల తరబడి ఈ సంగతే పరిశీలించాడు. జీర్ణక్రియ మీద చేసిన పనికి 1904లో ఆయనకు నోబెల్ బహుమతి కూడా వచ్చింది. కానీ ఉత్త నోరూరడమే అయితే హోటల్ గోడ మీది బిర్యానీ బొమ్మ చాలు. దాని ముందు ఎవరూ గంటసేపు నిలబడరు.

మా మేనత్త ఒకావిడది ఉల్లిపాయ కూడా ముట్టని ఇల్లు. ఆవిడకు బాగా ఇష్టమైనవి చేపల కార్యక్రమాలు. గోదావరి పులస అయినా సరే, జపాన్ వాళ్ల పచ్చి చేప ముక్కలైనా సరే, మధ్యలో ఎవరైనా మాట్లాడితే కసురుతారు. "ఎలా తింటార్రా వీళ్లు" అంటూనే చివరిదాకా చూస్తారు. ఆ మాటలో అసహ్యం పావు వంతు ఉంటే గొప్ప, మిగతాదంతా ఆశ్చర్యమే. ఎవరింట్లో మంచినీళ్లు పుచ్చుకోవాలి, ఎవరి పక్కన విస్తరి వేసుకోవాలి, ఏ వారం ఏది తినకూడదు అని తిండి చుట్టూ మనం కట్టుకున్నన్ని కంచెలు ఇంక దేని చుట్టూ కట్టుకోలేదు. మా అత్తయ్య ఆ కంచె దాటరు. దాని మీదుగా తొంగి చూడటానికి మాత్రం ఆవిడకు టీవీ దొరికింది.

మొదట్లో టీవీ వంట అంటే పాఠమే. అమెరికాలో 1963లో బోస్టన్ నుంచి జూలియా చైల్డ్ ఫ్రెంచి వంట నేర్పడం మొదలుపెట్టింది. మన దేశంలో 1993లో జీ టీవీలో సంజీవ్ కపూర్ వచ్చాక ఎందరో ఇల్లాళ్లు పుస్తకం, పెన్సిలు పట్టుకుని కూర్చున్నారు. తెలుగు ఛానెళ్లలో వంటల కార్యక్రమాలు కూడా చాలాకాలం ఆ బాటలోనే నడిచాయి. కొలత రాసుకోవాలి, మర్నాడు చేసి చూడాలి. అది వేరే సరదా. నేను చెప్పేది స్టూడియో వదిలి బయటపడ్డ వాళ్ల సంగతి.

అలా బయటపడ్డ తొలివాళ్లలో కీత్ ఫ్లాయిడ్ అనే ఇంగ్లీషాయన ఒకడు. 1985లో బీబీసీలో చేపల వంటలతో మొదలుపెట్టాడు. పడవ మీదో, పొలం గట్టునో పొయ్యి పెట్టేవాడు. చేతిలో వైన్ గ్లాసు ఉండేది. "ఇటు రా, గిన్నెలోకి చూపించు, నా మొహం ఎందుకు" అన్నట్టు కెమెరామన్‌ని నడుస్తున్న షోలోనే పేరుపెట్టి పురమాయించేవాడు. ఆయన ఫ్రాన్స్ వెళ్లినప్పుడు బాస్క్ ప్రాంతంలో ఒకావిడ వంటింట్లో, వాళ్ల వంటకాన్నే ఆవిడకు వండిపెట్టాడు. గుడ్లు, టమాటా, మిరపకాయలతో చేసేది. ఆవిడ రుచి చూసి, బాగాలేదని మొహం మీదే చెప్పేసింది. ఏమేం తప్పులు చేశాడో ఫ్రెంచిలో వరసగా చదివింది. ఆయన పక్కన నిలబడి అదంతా ఇంగ్లీషులో మనకు అప్పజెప్పాడు. దాన్ని కత్తిరించి పారేయకుండా అలాగే ప్రసారం చేశారు. అప్పటిదాకా టీవీలో వంటవాడంటే పంతులు. ఆ రోజు ఒక ఇల్లాలి ముందు చేతులు కట్టుకుని నిలబడ్డ చుట్టమయ్యాడు. ఈ రకం కార్యక్రమాల కిటుకు అక్కడే ఉందని నా అభిప్రాయం. మనం చూసేది పళ్లెంలో ఏముందని కాదు. వచ్చినవాడు పెట్టేవాళ్ల దగ్గర ఎలా మసలుకుంటున్నాడో, వాళ్లు వాడిని ఎంతవరకు తమవాడనుకున్నారో చూస్తాం. పెళ్లిళ్లలో వియ్యాలవారి పంక్తి వైపు మన కళ్లు పోయేదీ అందుకే.

మైకేల్ పేలిన్ వంటవాడు కాదు, హాస్యనటుడు. 1988లో విమానం ఎక్కకుండా 80 రోజుల్లో ప్రపంచాన్ని చుట్టి రావడానికి లండన్‌లో బయల్దేరాడు. మరుసటి ఏడాది బీబీసీ దాన్ని ప్రసారం చేసింది. అంత పెద్ద ప్రయాణంలో జనానికి బాగా గుర్తుండిపోయింది దుబాయ్ నుంచి బొంబాయి దాకా ఒక సరుకుల పడవ మీద గడిపిన రోజులు. ధౌ అంటారు ఆ పడవను. నడిపేది గుజరాతీ నావికులు. పడవలో గది లేదు, డెక్ మీదే పడక. మరుగుదొడ్డి అంటే పడవ అంచుకు కట్టి సముద్రం మీద వేలాడదీసిన పెట్టె. ఆ రోజుల్లో జరిగిన గొప్ప విషయమేమీ లేదు. నావికులు వండింది అందరితో కూర్చుని తిన్నాడు, కడుపు పాడు చేసుకున్నాడు, వాళ్లు కనిపెట్టుకుని ఉన్నారు. పెద్ద వయసు నావికుడొకాయన చెవులకు తన వాక్‌మన్ తగిలించి అమెరికా పాట వినిపించాడు. బొంబాయిలో దిగి వీడ్కోలు చెప్పేటప్పటికి అతని గొంతు పూడుకుపోయింది. ఇరవై ఏళ్ల తర్వాత గుజరాత్ వెళ్లి, అప్పటివాళ్లలో మిగిలినవాళ్లను వెతికి పట్టుకుని మరీ కలిశాడు. దారిలో అతను ఎన్నో పెద్ద హోటళ్లలో తిన్నాడు. వాటిని ఎవరూ తలుచుకోరు.

ఇక ఆంథొనీ బోర్డెయిన్ దగ్గరికి వస్తాను. ఎక్కువ సేపు ఆయన గురించే చెప్పాలనుంది. న్యూయార్క్‌లో లె ఆల్ అనే రెస్టారెంట్‌లో పెద్ద వంటవాడిగా ఉండేవాడు. వంటిళ్ల గుట్టుమట్లు రాసిన ఆయన పుస్తకం 2000లో వచ్చి పేరు తెచ్చింది. 2002 నుంచి టీవీ. మొదట ఫుడ్ నెట్‌వర్క్, తర్వాత ట్రావెల్ ఛానెల్, 2013 నుంచి సీఎన్ఎన్. మొదటి రోజుల్లో ఆయనా అందరిలాంటివాడే. పాము గుండె మింగడం, ఘాటుకు ముక్కు చీదడం, చూసేవాళ్లను అదరగొట్టడం.

2006 జూలైలో లెబనాన్ రాజధాని బీరూట్ వెళ్లాడు. షూటింగ్ మొదలైన కొద్ది రోజులకే ఇజ్రాయెల్‌కూ, లెబనాన్‌లోని సాయుధ సంస్థ హిజ్బుల్లాకూ మధ్య యుద్ధం వచ్చింది. విమానాశ్రయం మీద బాంబులు పడ్డాయి. బృందమంతా హోటల్‌లో చిక్కుకుపోయి, ఈతకొలను పక్కన కూర్చుని నగరం కాలిపోతుంటే చూస్తూ ఉండిపోయింది. చివరికి అమెరికా నౌకాదళం వాళ్లు ఓడలో తీసుకొచ్చారు. తిండి గురించి తీయాల్సిన ఎపిసోడ్‌లో తిండి లేకుండా పోయింది. ఉన్నదాన్నే కూర్చి ప్రసారం చేస్తే టీవీ కార్యక్రమాలకు ఇచ్చే ఎమ్మీ అవార్డుకు నామినేషన్ వచ్చింది. ఆ తర్వాత ఆయన కార్యక్రమం తీరు మారిందని ఆయనే చెప్పుకున్నాడు. ఒక ఊళ్లో ఏం తింటారు అనే ప్రశ్నతో పాటు, ఈ ఊరి మీద ఏం జరిగింది అనేది కూడా అడగడం మొదలుపెట్టాడు. లావోస్ వెళ్లి ఒక ఇంట్లో భోజనానికి కూర్చుంటే, ఆ ఇంటాయనకు ఎప్పుడో పడి పేలకుండా మిగిలిన బాంబు వల్ల కాలూ చెయ్యీ పోయాయి. 1964 నుంచి 1973 వరకు అమెరికా ఆ చిన్న దేశం మీద ఇరవై లక్షల టన్నులకు పైగా బాంబులు వేసింది. పెట్టేది లావోస్ ఆయన, తినేది అమెరికా ఆయన. ఆ ముద్ద గొంతు దిగడం ఎంత కష్టమో కెమెరా చూపిస్తుంది.

అతిథిగా బోర్డెయిన్‌కు ఒక నియమం ఉండేది. అమ్మమ్మ సూత్రం అనేవాడు. అమ్మమ్మ ఇంటికెళ్తే ఆవిడ వండింది బాగున్నా లేకపోయినా నోరుమూసుకుని తిని, బాగుందని మళ్లీ పెట్టించుకోవాలి. నమీబియాలో ఒక తెగ పెద్ద శుభ్రం చేయని అడవిపంది పేగు గౌరవంగా అందిస్తే, ఈ సూత్రం ప్రకారమే తిన్నాడు, జబ్బు పడ్డాడు. ఊరంతా చూస్తుండగా ఆ పెద్దాయన ఇచ్చింది వద్దని ఎలా అంటాం అన్నదే ఆయన వాదన. "కొంచెం వేసుకోండి, మొహమాటపడకండి" అంటూ మన ఇళ్లలో అడ్డం పెట్టిన చెయ్యి పక్కకు తోసి వడ్డిస్తారే, ఆ వడ్డన తెలిసినవాళ్లకు ఈ వాదన వేరే చెప్పక్కర్లేదు.

2016 మే నెలలో వియత్నాం రాజధాని హనోయిలో ఆయన పక్కన కూర్చున్నది బరాక్ ఒబామా. పదవిలో ఉన్న అమెరికా అధ్యక్షుడు. మామూలు జనం తినే చిన్న హోటల్, ప్లాస్టిక్ స్టూళ్లు, చెరో బీరు సీసా. తిన్నది బున్ చా. బొగ్గుల మీద కాల్చిన పంది మాంసం, పుల్లతీపి రసం, సన్నటి బియ్యపు సేమియా, పచ్చి ఆకులు. బిల్లు ఆరు డాలర్లయింది, బోర్డెయిన్ ఇచ్చాడు. అమెరికా అధ్యక్షుల బాంబులు పడిన నగరం అది. అక్కడ ఇద్దరు పెద్దమనుషులు మోకాళ్లు ముడుచుకుని సేమియా తింటుంటే చుట్టూ ఉన్నవాళ్లు తమ పాటికి తాము తింటున్నారు. ఆ తర్వాత హోటల్ వాళ్లు ఆ బల్లను, స్టూళ్లతో పళ్లాలతో సహా అద్దాల పెట్టెలో పెట్టేశారు. నాకిది నచ్చలేదు. ఎవరైనా వచ్చి కూర్చోగల చోటు కావడమే దాని గొప్పతనం కదా! కానీ వ్యాపారం వాళ్లది, మనమెవరం చెప్పడానికి. 2018 జూన్‌లో ఫ్రాన్స్‌లో షూటింగ్ మధ్యలోనే బోర్డెయిన్ ఆత్మహత్య చేసుకున్నాడు. వయసు 61.

ఈ రంగంలో నాకు గిట్టనిది కూడా ఒకటి చెప్పాలి. పురుగులు, పేగులు, కళ్లు వెతికి వెతికి తిని, మొహం వికారంగా పెట్టి జనాన్ని నవ్వించే కార్యక్రమాలు. తొలకరి వానలకు దీపం చుట్టూ మూగే ఉసిళ్లను పట్టి, వేయించి, ఇష్టంగా తినే పల్లెలు మనకూ ఉన్నాయి. రేపెవరో వచ్చి ఆ వేపుడు ముందు వాంతి నటిస్తే మనకెలా ఉంటుంది? అలాగే "అబ్బ, అదిరింది" తప్ప ఇంకో మాట రానివాళ్లు. ప్రకటనల రంగంలో దీన్ని బైట్ అండ్ స్మైల్ అంటారు. కొరకాలి, నవ్వాలి. కెమెరా కోణం మార్చిన ప్రతిసారీ మళ్లీ కొరకాలి. ఈలోగా దోసె చల్లారి అట్టముక్క అయిపోతుంది, నవ్వు మాత్రం వేడిగానే ఉండాలి.

ఇంకో సంగతి. తెర మీద "అనుకోకుండా ఈ సందులోకి వచ్చాను" అంటారు చూడండి, అనుకోకుండా వచ్చింది ఏమీ ఉండదు. ఆ ఊళ్లో ఫిక్సర్ అని ఒక మనిషి ఉంటాడు. ముందే వెళ్లి మాట్లాడి, అనుమతులు తెచ్చి, భాష మార్చి చెప్పి, పోలీసులు వస్తే సర్దిచెప్పేది అతనే. అతని మొహం మనం ఎప్పుడూ చూడం. బోర్డెయిన్ కొన్నిసార్లు అలాంటివాళ్లను పక్కన కూర్చోబెట్టుకునేవాడు. పేలిన్ తన కెమెరా బృందాన్నంతటినీ కలిపి ఒకే పేరుతో పిలుస్తూ, వాళ్లు ఉన్నారని గుర్తుచేస్తుండేవాడు.

మనవైపు ఈ పనిని ఇంకోలా చేసి చూపించింది గుంటూరు జిల్లా మస్తానమ్మ. నూరేళ్లు దాటిన అవ్వ. 2016లో మనవల తరం కుర్రాళ్లు ఆవిడ వంటను యూట్యూబ్‌లో పెట్టి ఫోన్లలోకి ఎక్కించారు. ఆవిడ ఏ దేశానికీ పోలేదు, దేశాలే ఆవిడ పొయ్యి దగ్గరికి వచ్చాయి. పుచ్చకాయ డొల్లలో కోడికూర వండితే లోకమంతా చూసింది. చందాదారులు పది లక్షలు దాటారు. కత్తి అవసరం లేకుండా గోళ్లతోనే తొక్కలు తీసే ఆ వేళ్లను చూస్తూ, తెలుగు ముక్క రాని అమెరికా వాళ్లు కామెంట్లలో అవ్వా, అమ్మమ్మా అన్నారు. అతిథులం మనం కాదు, వాళ్లు. 2018 డిసెంబరులో ఆవిడ పోయారు.

నాకు చూడాలని ఉన్న కార్యక్రమం ఒకటి ఉంది, ఎవరూ తీసినట్టు లేదు. కాకినాడ దగ్గర కోరంగి నుంచి పడవ ఎక్కి బర్మా పోయిన తెలుగువాళ్లను అక్కడివాళ్లు ఆ రేవు పేరుతోనే కోరంగీలు అన్నారు. 1860 నుంచి చెరకు తోటల పనికి దక్షిణాఫ్రికాలో నేటాల్‌కు వెళ్లినవాళ్లలో తెలుగు కుటుంబాలు ఉన్నాయి. మారిషస్‌లో ఉగాదికి ప్రభుత్వ సెలవు. ఈ ఇళ్లన్నిటికీ వెళ్లి భోజనానికి కూర్చోవాలి. పులుసులో చింతపండే వేస్తున్నారా, ఇంకేదైనా పులుపు పట్టుకున్నారా? పచ్చడి అనే మాట మిగిలిందా? ముద్ద కలిపేటప్పుడు పిల్లలకు ఏ భాషలో చెప్తున్నారు? తర్వాత జగిత్యాల, నిజామాబాద్, కడప నుంచి గల్ఫ్ పోయినవాళ్ల గదులకు వెళ్లాలి. ఒక గదిలో అరడజను మంది, వంట వంతులవారీగా. సెలవు రోజున కోడి ఎవరు కోస్తారు, కారం ఊరి నుంచి ఎవరి సంచిలో వచ్చింది, ఉప్పు ఎక్కువైతే తిట్లు ఎవరికి? దీనికి పెద్ద కెమెరాలు అక్కర్లేదు, ఒక ఫోన్ చాలు. అయితే ముందు వాళ్లలో ఎవరో ఒకరు మనల్ని భోజనానికి రమ్మనాలి.

సెలవు.