డిస్క్ మీది, తాళం వాళ్లది

యాంకర్: డబ్బు పెట్టి కొన్న సినిమా డిస్క్. గీతలు పడతాయని కంప్యూటర్‌లో ఒక కాపీ దాచుకుంటే తప్పేంటి? మేడమ్, అమెరికా చట్టం ఏమంటోంది?

న్యాయవాది: ఇంట్లో కాపీ చేసుకున్నవాళ్ల జోలికి పెద్దగా ఎవరూ రారండీ. దెబ్బ సాఫ్ట్‌వేర్ చేసినవాళ్ల మీద పడుతుంది. 1998 నాటి డీఎంసీఏ, అంటే డిజిటల్ కాపీరైట్ చట్టం, 1201 సెక్షన్. డిస్క్‌కు వేసిన డిజిటల్ తాళాన్ని తీసే ప్రోగ్రామ్ తయారుచేసినా, అమ్మినా కేసే.

ఇంజనీర్: ఆ తాళం చూస్తే డొల్ల! డీవీడీల్లో వాడిన తాళం పేరు సీఎస్‌ఎస్, దానిది 40 బిట్ల చిన్న కీ. 1999లోనే డీసీఎస్‌ఎస్ అనే చిన్న ప్రోగ్రామ్ దాన్ని విప్పేసింది. ఆ ప్రోగ్రామ్ వ్యవహారంలో కేసు ఎదుర్కొన్న నార్వే కుర్రాడు యోన్ యోహాన్సెన్‌ను అక్కడి కోర్టులు 2003లో రెండుసార్లు నిర్దోషి అన్నాయి.

న్యాయవాది: అది నార్వే. అమెరికాలో డీవీడీ కాపీ సాఫ్ట్‌వేర్ అమ్మిన 321 స్టూడియోస్ అనే కంపెనీ 2004లో కేసు ఓడిపోయి, అదే ఏడాది మూతపడింది.

సినీ ప్రతినిధి: ఓడదా మరి? కొన్న డిస్క్ ఏదో, అద్దెకు తెచ్చింది ఏదో ఆ సాఫ్ట్‌వేర్‌కు తెలుసా? సాయంత్రం తెచ్చి, కాపీ లాగి, పొద్దున్నే ఇచ్చేస్తే మేమేం కావాలి?

ఇంజనీర్: సరే సార్, రియల్‌డీవీడీ మాటేంటి? అదీ డీవీడీ కాపీ చేసే సాఫ్ట్‌వేరే, 2008లో వచ్చింది. తీసిన కాపీకి తనే ఇంకో తాళం వేసేది. రిజిస్టర్ చేసిన కంప్యూటర్లలో తప్ప ఆడదు. దాన్నీ బతకనివ్వలేదుగా!

సినీ ప్రతినిధి: అద్దె డిస్క్ పెట్టినా కాపీ అయ్యేది కదండీ, అది చెప్పరే...

యాంకర్: ఒక్కొక్కరూ, ఒక్కొక్కరూ. మేడమ్?

న్యాయవాది: 2009లో రియల్‌డీవీడీ కేసులో జడ్జి మార్లిన్ పటేల్ అన్నది గమనించండి. సొంత డీవీడీకి ఒక బ్యాకప్ దాచుకోవడం న్యాయమైన వాడకమే కావచ్చు, దానికి వీలిచ్చే సాధనాన్ని తయారుచేయడం మాత్రం చట్టవిరుద్ధం అన్నారు.

యాంకర్: బావిలో నీళ్లు తోడుకోవచ్చు, చేద మాత్రం ఎవరూ అమ్మకూడదు!

న్యాయవాది: దాదాపు అంతే. 1984లో టీవీ కార్యక్రమాలు రికార్డు చేసే బీటామ్యాక్స్ వీసీఆర్‌ను అమెరికా సుప్రీంకోర్టు 5-4తో కాపాడింది. సక్రమమైన వాడకం గట్టిగా ఉన్న యంత్రాన్ని అమ్మొచ్చంది. 1201 ముందు ఆ వాదన పనిచేయడం లేదు. ఆ సెక్షన్‌కు మూడేళ్లకోసారి మినహాయింపులు ఇస్తారు. చదువు చెప్పడానికి క్లిప్పులు తీసుకోవచ్చు. సొంత బ్యాకప్‌కు అడిగితే ఒప్పుకోలేదు.

ఇంజనీర్: ఇంత చేసి ఆపగలిగారా? 2016లో తాళం తీసే ప్రోగ్రామ్ అమ్మే స్లైసాఫ్ట్ కంపెనీ మూతపడింది, కొద్ది రోజులకే అదే ప్రోగ్రామ్ రెడ్‌ఫాక్స్ పేరుతో వచ్చింది. పైరసీ చేసేవాడికి ఏ ఇబ్బందీ లేదు. చట్టానికి భయపడి తాళం జోలికి పోని కొనుగోలుదారుడే నష్టపోతున్నాడు.

యాంకర్: సార్, మరి డిస్క్ పాడైతే?

సినీ ప్రతినిధి: ఇంకోటి కొనుక్కోవాలి. ఏ వస్తువైనా అంతే కదా.

ఇంజనీర్: ఆ సినిమా ఇంకా అమ్ముతుంటే కదా సార్!