ఒక్క ‘దాదాపు’ కోసం మూడు రోజులు: కొరత తీరిన ఆర్థిక వ్యవస్థ అంటే ఏమిటి?

(శ్రీకాకుళం స్టూడియోలో జరిగిన చర్చలో ఒక భాగం. పాల్గొన్నవారు: తెలుగు వికీపీడియాలో రాస్తున్న విశ్రాంత ఉపాధ్యాయుడు, డిగ్రీ కళాశాలలో ఆర్థికశాస్త్రం చెప్పే అధ్యాపకురాలు, ఉద్దానం కొబ్బరి రైతు.)

సంధానకర్త: మాస్టారూ, వికీపీడియాలో మీరు రాసిన ఒక్క వాక్యం మీద అంత పేచీ ఎందుకొచ్చింది?

ఉపాధ్యాయుడు: ముందు ఆ వాక్యం వినండి బాబూ. “పోస్ట్ స్కేర్సిటీ (కొరత తీరిన) ఆర్థిక వ్యవస్థ అంటే, చాలా తక్కువ శ్రమతో వస్తువులను పుష్కలంగా తయారుచేసి, అందరికీ దాదాపు ఉచితంగా అందించగల వ్యవస్థ.” నేను రాసిందే. ఒకాయన ‘దాదాపు’ తీసేశారు. మళ్లీ పెట్టాను. మళ్లీ తీశారు. ఇంకొకరొచ్చి ‘ఉచితంగా’ కొట్టేసి ‘చౌకగా’ అన్నారు. పేజీ చరిత్ర తెరిస్తే మూడు రోజులూ ఇదే వరస. ఇంగ్లీషు వికీపీడియాలో ఒక పేజీలో 24 గంటల్లో మూడుసార్లకు మించి రివర్టు చేయకూడదు, అంటే ఇతరుల మార్పును వెనక్కి తిప్పకూడదు. ఆ నియమం గొడవను ఆపుతుంది గానీ ఎవరిది ఒప్పో తేల్చదు. అందుకే దిద్దడం ఆపి చర్చ పేజీకి వెళ్లాను.

అధ్యాపకురాలు: ఆయన ఎందుకు తీశారో నాకు అర్థమవుతోంది. 1932లో బ్రిటిష్ ఆర్థికవేత్త లయొనెల్ రాబిన్స్ ఆర్థికశాస్త్రాన్నే కొరత మీద నిలబెట్టారు. కోరికలు చాలా, తీర్చే సాధనాలు కొన్నే, ఆ సాధనాలకేమో ఒకటికి మించిన వాడకాలు. ఆ లెక్కన దేనికైనా రూపాయి ధర ఉందంటే కొరత ఉన్నట్టే. ‘దాదాపు ఉచితం’ అంటే ఆ రూపాయి మిగిలినట్టే. పొందూరు ఖద్దరు సంగతి చూడండి. వాలుగ చేప దవడతో పత్తిని శుభ్రం చేసి, చేత్తో వడికి, మగ్గం మీద నేస్తారు. రేపు మిల్లు గుడ్డ ఊరికే పంచినా ఆ చేతులు పెరగవు, పగలు సాగదు.

ఉపాధ్యాయుడు: అంతకు రెండేళ్ల ముందు, 1930లో, ఆర్థికవేత్త కీన్స్ ఇంకో దారి చూపారు కదా మేడమ్! నూరేళ్లకి వారానికి 15 గంటల పని సరిపోవచ్చని. అవసరాలను రెండుగా విడదీశారాయన. పక్కవాడితో సంబంధం లేకుండా ఉండేవి, పక్కవాడికన్నా పైన ఉండాలనిపించేవి. మొదటివి తీరతాయి. రెండోవి తీరకపోవచ్చు. ఇక 1971లో అమెరికన్ రచయిత మర్రే బుక్‌చిన్ ఈ ‘పోస్ట్ స్కేర్సిటీ’ మాటను తన పుస్తకం పేరులోనే పెట్టారు. ఆయన అడిగింది ధరల గురించి కాదు, ఒకరి మీద ఒకరి పెత్తనం లేని సమాజం గురించి. తగువు ఎక్కడ పుట్టిందో నాకు మెల్లగా తెలిసొచ్చింది. మనకు కొరత వేరు, కరువు వేరు, లేమి వేరు, నీటికైతే ఎద్దడి. రాబిన్స్ చెప్పింది పరిమితి. కీన్స్ తీరుతుందన్నది లేమి. రెంటినీ ‘కొరత’ అని ఒకే గోనెలో కుక్కేశాం.

రైతు: ఆ ‘ఉచితం’ అన్న కాడ నాకో సంగతి గుర్తొచ్చినాది మాస్టారూ. తిత్లీ తుపాను, 2018 అక్టోబరు. తెల్లారి లెగిసి చూస్తే తోటంతా పడిపోనాది. కాలు పెడదామంటే బొండాలే. కరెంటు లేదు, బోరు ఆడదు. పిల్లలకి బొండాలు కొట్టి తాగించినాం. దారిన పోయినోళ్లని పిలిచి మరీ ఇచ్చినాం. డబ్బులెవులడిగినారు? చెట్టెక్కే పని కూడా లేదు. పుష్కలం, ఉచితం. మీ వాక్యం ప్రకారం ఆ వారం మాకు కొరత తీరిపోయినట్టేనా? పెట్టిన మొక్క కాపుకొచ్చేసరికి ఏళ్లు పట్టినాది.

ఉపాధ్యాయుడు: లేదమ్మా. తీరినట్టు కాదు. ఈ మాట నాకు ముందే తట్టి ఉంటే ‘దాదాపు’ కోసం మూడు రోజులు పోట్లాడేవాణ్ణి కాదు.

సంధానకర్త: మరి రైతమ్మ చెప్పింది వ్యాసంలో చేర్చేయొచ్చు కదా?

ఉపాధ్యాయుడు: చేర్చకూడదు. మన నలుగురం ఒప్పుకున్నా చేర్చకూడదు. అచ్చయిన, నమ్మదగిన మూలం చూపాలి. సొంత పరిశోధన అక్కడ పనికిరాదు. సవర గిరిజనుల నోట విని నిఘంటువు కట్టిన గిడుగు రామమూర్తి గారు పుట్టిన జిల్లా ఇది. ఇక్కడ కూర్చుని ఈ మాట చెప్పడం నాకు కష్టంగానే ఉంది. అయినా ఆ నియమం ఉండాల్సిందే. లేకపోతే ఎక్కువ సేపు కంప్యూటరు ముందు కూర్చోగలిగినవాడిదే నిర్వచనమైపోతుంది.

అధ్యాపకురాలు: ఆమె మాటకు మూలం ఉంది మాస్టారూ. చెట్టూ చేపా మళ్లీ పుంజుకునే వేగాన్ని మించి వాడుకోకూడదని పర్యావరణ ఆర్థికవేత్త హెర్మన్ డేలీ రాశారు. అది చేర్చొచ్చు. నిర్వచనం ఒకటే ఉండాలన్న పట్టు కూడా వదిలేయండి. ఎవరి మాట వాళ్ల పేరుతో ఉండనివ్వండి.

ఉపాధ్యాయుడు: అయితే ధర ఊసే మొదటి వాక్యంలో వద్దు. ‘దాదాపు’తో పాటు ‘ఉచితంగా’ కూడా తీసేస్తాను. ముందు ఆయనకు చర్చ పేజీలో చెప్పి. ధర సంగతి కింద, ఎవరిది వాళ్ల పేరుతో.

రైతు: ‘అందరికీ’ అన్నారు కదా, అది తీసీయకండి.

ఉపాధ్యాయుడు: దాన్ని ఎవరూ ముట్టుకోలేదమ్మా.