అయిదు నల్లమెట్లు

శ్రోతలకు నమస్కారం.

హైస్కూలులో సంగీతం అనగానే మనకు తోచేవి ప్రార్థనగీతం, జెండా పండుగనాటి బృందగానం, వార్షికోత్సవంలో ఒక పాట. పిల్లలకు పాడడం నేర్పుతున్నాము. ఆ పాట ఏ స్వరాల మీద నిలిచిందో, ఏ సంప్రదాయంలోనుంచి వచ్చిందో, అటువంటిది తామే ఒకటి కట్టాలంటే ఏమి చేయాలో చెప్పడం అరుదు. సీబీఎస్ఈ పాఠశాలల్లో తొమ్మిదో తరగతి నుంచి కర్ణాటక సంగీతాన్ని ఒక పాఠ్యాంశంగా తీసుకునే వీలుంది, అందులో శాస్త్రభాగమూ ఉంది. అయితే శాస్త్రమంటే నాదమనగానేమి, శ్రుతి అనగానేమి అని నిర్వచనాలు వల్లె వేయించడమే అనుకుంటే, పిల్లవాడు పరీక్ష రాస్తాడు కాని వినడం నేర్చుకోడు. శాస్త్రం చెవి గుండా రావాలని నా అభిప్రాయం. అందుకు నాకు మిక్కిలి ఇష్టమైన పాఠం ఒకటి ఉన్నది. ఈ పూట దానినే వివరంగా చెబుతాను.

ఒక హార్మోనియం కాని, కీబోర్డు కాని తీసుకోండి. నల్లమెట్లు రెండు ఒక గుంపుగా, మూడు ఒక గుంపుగా ఉంటాయి. తెల్లమెట్లను ముట్టుకోవద్దు. మూడింటి గుంపులో మొదటి మెట్టును షడ్జమం, అంటే ఆధారస్వరమైన ‘స’, చేసుకొని వరుసగా నల్లమెట్లనే నొక్కుతూ పైకి పోతే స, రి, గ, ప, ద వస్తాయి. అది మోహన. సంగీతం మొదలుపెట్టిన ప్రతి పిల్లా పాడే ‘వరవీణా మృదుపాణి’ గీతం ఈ రాగంలోనిదే కనుక, తరగతిలో ఒకరిద్దరైనా వెంటనే గుర్తుపడతారు.

ఇప్పుడు అదే గుంపులో రెండో మెట్టును షడ్జమం చేయండి. మెట్లు మారలేదు, షడ్జమం మారింది, వినిపించేది మధ్యమావతి. మూడో మెట్టును షడ్జమం చేయండి. మెట్లు మారలేదు, షడ్జమం మారింది, ఇది హిందోళం. రెండింటి గుంపులో మొదటి మెట్టు నుంచి మొదలుపెడితే శుద్ధసావేరి, రెండో మెట్టు నుంచి అయితే శుద్ధధన్యాసి. అయిదు మెట్లు, అయిదు రాగాలు. మన శాస్త్రం దీనినే గ్రహభేదం అంటుంది. ఇంత విన్న తరువాత స్వరమంటే షడ్జమంతో ఉన్న సంబంధమే కాని ఒక నిర్ణీతమైన ధ్వని కాదని ఎవరూ నిర్వచనం చెప్పనక్కరలేదు.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. షడ్జమం మారినప్పుడల్లా శ్రుతి, అంటే వెనుక ఎడతెగక మోగే ఆధారస్వరం, కూడా మార్చాలి. శ్రుతి మార్చకుండా మెట్లు నొక్కుతూ పోతే చెవి పాత షడ్జమాన్నే పట్టుకొని ఉంటుంది, పిల్లలకు అయిదుసార్లూ మోహనే వినిపిస్తుంది. శ్రుతిపెట్టె లేని బడిలో ఒక విద్యార్థి కొత్త షడ్జమపు మెట్టును నొక్కి పట్టుకొని ఉంటే, మరొకరు వాయించవచ్చు.

హార్మోనియం పేరు రేడియోలో ఎత్తడం కొంచెం సాహసమే. 1940లో ఆలిండియా రేడియో ఈ వాద్యాన్ని నిషేధించింది. ఆ నిషేధం సడలడానికి 1971 దాకా పట్టింది. మెట్ల మీద గమకం, అంటే స్వరాన్ని ఊపి, జార్చి పలికించడం, సాధ్యం కాదన్నది అప్పటి పెద్దల ముఖ్యమైన ఆక్షేపణ, అందులో నిజముంది. మెట్లు చూపేది రాగపు అస్థిపంజరం మాత్రమే. హిందోళంలోని ఊగిసలాటను ఉపాధ్యాయుడు గొంతుతోనే చూపాలి. చరిత్ర పాఠానికి కూడా ఇదే సరైన చోటు. ఎట్టయపురం ఆస్థాన విద్వాంసులు సుబ్బరామ దీక్షితులు 1904లో ప్రచురించిన ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ తమిళదేశంలో తెలుగు లిపిలో అచ్చయిన గ్రంథం. అందులో గమకాలకు ప్రత్యేకంగా గుర్తులు ఏర్పరచి, కృతులను స్వరపరచి ఇచ్చారు. ఒక్క పుట పిల్లల ముందు పెడితే, గురుముఖంగా వచ్చిన పాటను కాగితం మీద నిలపడానికి ఎంత శ్రమ పడ్డారో వారే చూస్తారు.

ఆ శ్రమను వారిచేతనే చేయించడం రచనాభ్యాసం. మోహనలో, చుట్టుకు ఎనిమిది లెక్కలుండే ఆదితాళంలో, లెక్కకు ఒక స్వరం చొప్పున మొదటి కాలంలో రెండు ఆవర్తాలు, అంటే రెండు చుట్లు, కట్టించాలి. తాళపు లెక్కనే అక్షరం అంటాము కనుక మొత్తం పదహారు అక్షరాలు, స్వరాలు మాత్రమే కట్టమనండి. షడ్జమంలో మొదలై షడ్జమంలో ముగియాలి, గాంధారం, అంటే ‘గ’, మీదనో, ధైవతం, అంటే ‘ద’, మీదనో కొంతసేపు నిలవాలి. పై స్థాయి స్వరానికి పైన చుక్క, కింది స్థాయి స్వరానికి కింద చుక్క, ఒక అక్షరం పొడిగింపుకు కామా పెట్టాలి. తరువాత ఆ కాగితాన్ని, రాసినవారి నోట ఆ వరుస ఎన్నడూ వినని మరొక విద్యార్థికి ఇచ్చి పాడించాలి. రాసినవారు అనుకున్నదీ పాడినవారు పాడినదీ వేరైతే, తేడా ఎక్కడ వచ్చిందో ఇద్దరూ కలిసి వెతికి, ఆ చుక్కనో కామానో దిద్దుకోవాలి. వరుస ఎంత అందంగా ఉందన్నదానికి మొదటి సంవత్సరం మార్కులు వేయవద్దని ఉపాధ్యాయులకు నా మనవి. రాసినది రాసినట్టు మరొకరి గొంతులో పలికిందా అన్నదానికే వేయండి.

నమస్కారం.