బత్తాయి తొక్కల్లో బొప్పాయి పాలు వేస్తే సీరమ్ అవుతుందా?

యాంకర్: హలో, ఎక్కడి నుంచమ్మా?

కాలర్: రేణిగుంట నుంచి మేడమ్. ఇంట్లో సబ్బులు చేస్తుంటాను. ఇప్పుడు సీరమ్ చేద్దామని జ్యూస్ బండి దగ్గర బత్తాయి తొక్కలు తెచ్చి, ఉడకబెట్టి వడగట్టి, చల్లారాక బొప్పాయి పాలు వేశాను, ఎంజైమ్ పడితే ముఖానికి బాగా ఎక్కుతుందని ఏదో వీడియోలో చూశాలెండి. తెల్లారేసరికి అడుగున తెల్లగా పేరుకుంది.

లెక్చరర్: బొప్పాయి పాలలో ఉండే పపైన్ ప్రోటీన్లను తుంచుతుందమ్మా, మాంసం కూరలో పచ్చి బొప్పాయి వేసేది అందుకే. తొక్కలో ఉండే హెస్పెరిడిన్ ప్రోటీన్ కాదు, ఫ్లేవనాయిడ్ అనే మొక్కల పదార్థం, పపైన్ దాని జోలికే పోదు. ఆ తెల్లటిది కొంత హెస్పెరిడినే అయ్యుండొచ్చు, నీళ్లలో అది సరిగా కరగదు మరి.

కాలర్: మరి కంపెనీలవాళ్లు ఎలా కరిగిస్తారు?

లెక్చరర్: బాక్టీరియా నుంచి తీసిన వేరే ఎంజైమ్ ఉంది, పేరు చాంతాడంత, సైక్లోడెక్స్‌ట్రిన్ గ్లూకనోట్రాన్స్‌ఫరేజ్. అది పిండిపదార్థం నుంచి గ్లూకోజ్ తీసి హెస్పెరిడిన్‌కి తగిలిస్తుంది, అప్పుడది నీళ్లలో హాయిగా కరుగుతుంది. విటమిన్ సి సీరమ్ గాలి తగిలి పసుపెక్కడం చూసే ఉంటారు, దానికీ ఇదే ఎంజైమ్‌తో గ్లూకోజ్ అతికించి ఆస్కార్బిల్ గ్లూకోసైడ్ చేస్తారు. చర్మంలోని ఎంజైములు ఆ గ్లూకోజ్ ఊడదీస్తే మళ్లీ విటమిన్ సి బయటికొస్తుంది. నాకైతే ఇందులో నచ్చేది ఇదే.

కాలర్: ఆ ఎంజైమ్ కొని నేనే చేసుకోకూడదా?

లెక్చరర్: కొన్నా పీహెచ్, వేడి సరిగ్గా పట్టాలి, పనయ్యాక ఎంజైమ్‌ని ఆపాలి, మిగిలిన పిండిని తీసేయాలి, అసలు ఎంత మారిందో హెచ్‌పీఎల్‌సీ అనే ల్యాబ్ యంత్రం మీద చూడాలి. వంటింట్లో కుదిరే పని కాదు. ఆస్కార్బిల్ గ్లూకోసైడ్ పౌడరే రెడీగా దొరుకుతుంది, అది కొనుక్కోండి.

కాలర్: ఇప్పుడు చేసిన సీసాలు? మా ఆడబిడ్డ ఒకటి అడిగింది.

లెక్చరర్: ఇవ్వొద్దు, పారబోయండి. పపైన్ కొందరికి ఎలర్జీ తెస్తుంది, పైగా ప్రిజర్వేటివ్ లేని తొక్కల నీళ్లు త్వరగా బూజు పడతాయి. ఇంకో మాట, సబ్బులైనా సీరమైనా తయారుచేసి అమ్మాలంటే 2020 కాస్మెటిక్స్ రూల్స్ కింద లైసెన్స్ ఉండాలి. తెలిసినవాళ్లకే కదా అంటే కుదరదు. ముందు డ్రగ్స్ కంట్రోల్ ఆఫీసులో కనుక్కోండి.

కాలర్: సబ్బులకూ కావాలా? సరే మేడమ్, సోమవారం వెళ్తాను.